కడిగితే అంటిన నీలం

"గోర్లల్ల నీలం ఉండె బిడ్డా. కడుగుతుంటే నా చేతులకు అంటింది."

సత్తమ్మ ఆ మాట అనగానే మమతారాణి పెన్ను కాగితం మీద ఆగిపోయింది.

"మళ్ళొకసారి చెప్పు అవ్వా. నీలం నీ చేతులకు అంటిందా?"

"అంటింది. సబ్బు పెట్టి రుద్దిన. నీళ్ళల్ల సచ్చినోళ్ళకు గోర్లు నీలమైతయని పోలీసోళ్ళన్నరు. అయితయేమో. నేను పదేండ్లు నూలుకు రంగులేసినదాన్ని. అది పీనుగ రంగు కాదు, అద్దిన రంగు. నా కొంగుకు అంటింది ఇంక పోలే."

చొప్పదండిలో, రెండు మరమగ్గాల మధ్య ఇరుకున వేసిన కుర్చీలో కూర్చుంది మమతారాణి. పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టర్. రెండేళ్ళుగా మానవ హక్కుల కమిషన్ దర్యాప్తు విభాగంలో డెప్యుటేషన్ మీద ఉంది. ఉదయం ఏడున్నరకే వచ్చింది. ఎదురుగా సత్తమ్మ, పక్కన ఆమె భర్త పర్శరాములు. వాళ్ళ కొడుకు అరుణ్‌కుమార్‌కు ఇరవై తొమ్మిదేళ్ళు. ఆ మగ్గాల మీదనే పని చేసేవాడు. చచ్చిపోయి ఇరవై ఒక్క రోజులయింది.

జూలై పంతొమ్మిదిన గోదావరి పొంగింది. వాగు నీళ్ళు వెనక్కి తన్ని, చెన్నూరు అవతలనున్న నాగులగడ్డ సగం మునిగింది. ఆ ఊళ్ళో ఉన్న అక్కను, ఆమె పిల్లలను తీసుకొద్దామని వెళ్ళాడు అరుణ్. జనాన్ని కాపాడడానికి సైనిక దళం ఒకటి రెండు పడవలతో దిగింది. తర్వాత ఏం జరిగిందో పోలీసుల నివేదిక నాలుగే వాక్యాల్లో చెప్పింది. సహాయక చర్యలకు అడ్డుపడిన గుంపులో ఒక వ్యక్తిని, అంటే అరుణ్‌ను, తహసీల్దారు రాతపూర్వక ఉత్తర్వు మేరకు సైనికులు సాయంత్రం నాలుగు పదికి అదుపులోకి తీసుకున్నారు. ఊరి చివర గోదాములో కూర్చోబెడితే అతను ఐదుంబావుకు తప్పించుకుని వాగులో దూకాడు. మర్నాడు పొద్దున తొమ్మిదికి ఊరికి రెండు కిలోమీటర్ల కింద తుమ్మపొదల్లో శవం దొరికింది. కేసు మూసేయదగినది.

పోస్టుమార్టం కాగితంలో "గోళ్ళు నీలి రంగు" అని ఒక ముక్క ఉంది. ఊపిరాడక చచ్చిపోయినవాళ్ళకు గోళ్ళు నీలంగా మారడం మామూలే గనుక ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. మమతారాణి కూడా పట్టించుకోలేదు, ఈ నిమిషం దాకా. గాలి అందక వచ్చే నీలం చర్మం కింద ఉంటుంది. అది తల్లి చీర కొంగుకు అంటదు.

"ఆ చీర ఉందా అవ్వా?"

సత్తమ్మ లేచి పెట్టెలోంచి ఆకుపచ్చ చీర తెచ్చింది. కొంగు చివర అరచేయంత మేర ఆకాశం రంగు మరక. మమతారాణి దాన్ని కవరులో పెట్టి, సీలు వేసి, పర్శరాములు చేత సంతకం పెట్టించింది. అంతవరకూ నోరు విప్పని ఆ మనిషి సంతకం పెట్టి తలెత్తాడు.

"మేడం, నేను సదువుకోలే. జర నాకొక్కటి చెప్పు. మిలిటరోళ్ళు జనాన్ని కాపాడనీకి వచ్చిన్రా, పట్టనీకి వచ్చిన్రా? కాపాడనీకి వస్తే నా కొడుకు మీద చెయ్యెందుకు ఏసిన్రు? పట్టనీకి వస్తే గా హక్కు వాళ్ళకెవలిచ్చిన్రు?"

చదువుకున్న పెద్ద ఆఫీసర్లెవరూ అడగని ప్రశ్న అది. మమతారాణి కవరును బ్యాగులో పెట్టుకుంది.

"గదే తెలుసుకోనీకి పోతున్న బాపూ," అంది.

* * *

పది యాభైకి ఆమె కారు నాగులగడ్డ లోలెవెల్ వంతెన దగ్గర ఆగింది. మండల కేంద్రం వాగుకు ఇవతల, నాగులగడ్డ అవతల. మధ్యన దారి ఆ వంతెన ఒక్కటే. దాని మొదట్లో రేకుల గదిలో కూర్చుని నీటిమట్టం కొలిచే మనిషి బాలమల్లు. గంటకోసారి కొలబద్ద చూసి రిజిస్టరులో రాస్తాడు. మట్టం నాలుగు మీటర్లు తాకితే ఇనుప గేటు వేసి దారి మూసేస్తాడు.

"ఇయ్యాల ఎంతుందన్నా?"

"మూడు పాయింట్ ఒకటి మేడం. మీద వానలు పడుతున్నయ్. మళ్ళా వరద అంటున్నరు, రాత్రే మిలిటరీ బండ్లు గూడ దిగినయ్. పోతే జల్ది పోయి రాండ్రి."

"జూలై పంతొమ్మిది పేజీ తియ్యి."

బాలమల్లు తీశాడు. గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు లేవు. మధ్యాహ్నం ఒకటి యాభై ఐదు: 4.0, గేటు మూసినం. మూడు గంటలు: 4.6. నాలుగు: 5.1. ఐదు: 5.5. ఆరు: 6.2. మర్నాడు పొద్దున ఆరు పది: 3.9, గేటు తీసినం.

"నడుమ ఎవరన్న దాటిన్రా?"

"మనిషి కాదు మేడం, కుక్క గూడ దాటలే."

"తహసీల్దారు మేడం?"

"ఆమె ఈడనే, నా పక్కన్నే నిలబడ్డది. మధ్యాహ్నం రెండింటి సంది చీకటి పడేదాక. అవతలికి పోవాలె, జనం పరేషాన్ల ఉన్నరని ఒకటే కొట్టుకులాడింది. పడవ పంపుమని ఫోన్లు చేసింది. పడవలు ఖాళీ లేవన్నరట."

మమతారాణి ఆ పేజీ ఫోటో తీసుకుంది. ఆమె ఫైలులో ఉన్న ఉత్తర్వు కింద తహసీల్దారు అలేఖ్య సంతకం ఉంది. స్థలం నాగులగడ్డ. సమయం మధ్యాహ్నం మూడు యాభై.

వాగుకు ఇవతల నిలబడిన మనిషి సంతకం అవతలికి ఎట్లా దాటింది?

* * *

పదకొండు ఇరవైకి నాగులగడ్డ చివర భూపాల్‌రావు విత్తనాల గోదాము ముందు దిగింది. అరుణ్‌ను సైనికులు అక్కడ కూర్చోబెట్టారని, అక్కడి నుంచే అతను పారిపోయాడని నివేదిక చెబుతోంది. కాపలా మనిషి సదానందం తాళం తీశాడు.

లోపల ముప్పై అడుగుల గది. ఇనుప తలుపు ఒక్కటే. ఎత్తున రెండు వెంటిలేటర్లు, వాటికి ఇనుప జాలీ. మమతారాణి స్టూలెక్కి జాలీని చూసింది. మేకుల మీద పాత తుప్పు, తుప్పు మీద సాలెగూడు. పిల్లి కూడా అందులోంచి బయటికి పోలేదు.

దిగి గోడలు చూసింది. బయటి గోడకు వరద బురద ఏడడుగుల ఎత్తున ఎండి పెచ్చులు కట్టి ఉంది. ఎవరూ తుడవలేదు. లోపలి గోడకు మాత్రం కొత్త సున్నం. అదీ నిండుగా కాదు, కింద నుంచి చేయెత్తితే అందేంత దాకానే. పైన పాత గోడ, బల్లి గుడ్లతో సహా అట్లాగే ఉంది.

"సదానందం, సున్నం ఎప్పుడు ఏసిన్రు?"

"నాకేం ఎర్కలే మేడం."

"నువ్వు ఇరవై నాలుగ్గంటలు కాపలా ఉండే గోదాముల నీకు ఎర్కలేకుండ సున్నం పడిందా?"

ఆమె బ్యాగులోంచి చిన్న కత్తి తీసి, చేయి పైకెత్తి సున్నం గీకింది. తెల్లటి పొడి రాలింది. దాని కింద వేలెడు మందాన చార. ఆకాశం రంగు. పొద్దున చీర కొంగు మీద చూసిన రంగు.

"గీ గోదాముల ఏం పెడతరు?"

"మొక్కజొన్న ఇత్తనం మేడం. మందు పట్టిచ్చింది. సంచులల్ల పోసి పెడతరు."

"మందు ఏ రంగు?"

సదానందం చూపు కిందికి పోయింది. గది మూలన పలక సందులో ఇరుక్కుని మొక్కజొన్న గింజలు నాలుగు నీలంగా మెరుస్తున్నాయి.

వాగు నీళ్ళు బురద రంగు. వాగులో మునిగినవాడి గోళ్ళలో బురద ఉండాలి. నీలం రంగు నీళ్ళు ఆ రోజు ఈ నాలుగు గోడల మధ్యనే ఉన్నాయి. నీళ్ళు పెరిగి సంచులు నానిపోయి, మందు కరిగి గది నిండింది. ఆ నీళ్ళలో గోడను, తలుపును గోకిన వేళ్ళకే ఆ రంగు పట్టింది. అరుణ్ పారిపోలేదు. తాళం వేసిన ఈ గదిలోనే మునిగి చచ్చిపోయాడు. తర్వాత ఎవరో అతన్ని తీసుకుపోయి తుమ్మపొదల్లో పడేశారు.

బయట జీపు ఆగిన చప్పుడు. బూట్ల చప్పుడు. ఆ వచ్చేదెవరో ఆమెకు చూడకుండానే తెలుసు.

డీఎస్పీ వంశీధర్‌రావు. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో ఎస్సైలుగా చేరారు. పరిగెత్తడంలో ఆమె ముందుండేది, ప్రమోషన్లలో అతను ముందున్నాడు. ఈ కేసు మూసేయమని నివేదిక రాసింది అతనే.

"ఏం మమతా, సున్నం గీకుతున్నవ్? కమిషన్‌ల జీతం సాలుతలేదా?" నవ్వుతూనే అన్నాడు.

"నమస్తే సార్. సున్నం మీరే ఏపిచ్చిన్రా?"

"వరద తగ్గినంక ఎవరైనా సున్నం వేసుకుంటరు. అది భూపాల్‌రావు గారి ఆస్తి."

"బయట బురద అట్లనే ఉన్నది సార్. లోపట ఒక్కటే, అది గూడ చెయ్యెత్తు దాకనే ఏసిన్రు. వరదకు ఏసిన సున్నమా, నీలానికి ఏసిన సున్నమా?"

అతని నవ్వు సగంలో ఆగింది. సదానందం వైపు ఒక్క చూపు చూశాడు. సదానందం బయటికి పోయాడు.

"చూడు మమతా. ఆ దినం ఊరు మునుగుతుంది. జనం పడవలకు అడ్డం పడ్డరు. మిలిటరీ వాళ్ళు ఒకన్ని పట్టుకున్నరు. వాళ్ళ దగ్గర్నించి పారిపోయిండు. ఏమన్న అడిగేదుంటే వాళ్ళని అడుగు."

"అడిగిన. కెప్టెన్ రాసిచ్చిండు. ‘పోలీసుల కోరిక మేరకు అదుపులోకి తీసుకున్నాం, నాలుగు నలభైకి గోదాము తాళంచెవి పోలీసులకు అప్పగించాం' అని. మీరు వాళ్ళను సూపిస్తరు, వాళ్ళు మిమ్ముల సూపిస్తరు. నడుమ సచ్చినోడు ఎవలి చేతుల ఉన్నడు సార్? గాలిలనా?"

"అది ఎమర్జెన్సీ. ఎమర్జెన్సీల రూల్ పుస్తకం పట్టుకొని కూసోరు."

"రూల్ పుస్తకం రాసిందే ఎమర్జెన్సీ కోసం సార్. అంతా బాగున్న దినం మిలిటరీని ఎవలు పిలుస్తరు?" ఆమె గొంతు లేచింది. గోదాము గోడలు ఆ మాటను తిప్పికొట్టాయి. "పడవలకు జనం ఎందుకు అడ్డం పడ్డరో మీ నివేదికల రాయలేదు. నేను చెప్పాల్నా? కమిషన్‌కు ఊరోళ్ళు పంపిన అర్జీల ఉన్నది. కింది వాడల ఆడోళ్ళు, పిల్లలు కప్పుల మీద నిలబడి చేతులూపుతుంటే, రెండు పడవలల్ల ఒకటి గీ గోదాముకొచ్చి ఇత్తనాల సంచులు ఎక్కించుకున్నది. సర్కారు విత్తనం అని ఆ కెప్టెన్‌కు అబద్ధం చెప్పిన్రు. అరుణ్ పోయి పడవ ముంగట నిలబడి ముందుగాల మనుషులు, తర్వాత మక్కలు అన్నడు. గదే ఆయన చేసిన అల్లరి."

"సాక్ష్యం ఉందా?"

"నలభై మంది ఉన్నరు."

"నలభై మంది భూపాల్‌రావు గారి భూములల్ల పని చేసేటోళ్ళు. రేపు కమిషన్ ముంగటికి నలుగురు గూడ రారు." వంశీధర్‌రావు గొంతు తగ్గించాడు. "మీ కమిషన్ సిఫారసు చేస్తది. సర్కారు దాన్ని బీరువల పెడతది. నువ్వు మళ్ళా మా డిపార్ట్‌మెంటుకే రావాలె. యాదికి పెట్టుకో."

"వస్త సార్. అప్పుడు గూడ గీ గోడ ఈడనే ఉంటది."

ఆమె సదానందాన్ని పిలిచి, ఇద్దరు ఊరివాళ్ళను సాక్షులుగా పెట్టి, సున్నం కింది నీలాన్ని, పలక సందులోని గింజలను కవర్లలో వేసి సీలు చేసింది. వంశీధర్‌రావు అడ్డుకోలేదు. జీపు దగ్గర నిలబడి ఫోన్లో ఎవరితోనో చాలాసేపు మాట్లాడాడు. పంచనామా పూర్తయ్యేసరికి రెండు దాటింది. అప్పటికి అతని జీపు లేదు.

* * *

తహసీల్దారు అలేఖ్యకు ముప్పై రెండేళ్ళు. పోటీ పరీక్ష రాసి వచ్చిన మనిషి, ఇది మొదటి పోస్టింగు. మూడుంబావుకు మమతారాణి ఆమె గదిలోకి వెళ్ళి తలుపు వేసింది. ఉత్తర్వు కాపీని బల్ల మీద పెట్టింది.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే మేడం."

"ఎక్కడ పెట్టిన్రు?"

"అందులో రాసే ఉంది కదా. నాగులగడ్డలో."

"ఎన్నింటికి?"

"మూడు యాభైకి."

మమతారాణి ఫోన్లో బాలమల్లు రిజిస్టరు పేజీ తెరిచి, ఆ కాగితం పక్కన పెట్టింది. అలేఖ్య దాన్ని చూసింది. ఫ్యాను గాలికి ఉత్తర్వు కాగితం లేస్తుంటే దాని మీద చేయి పెట్టింది.

"మేడం, చట్టంల ఒక మాట ఉన్నది," అంది మమతారాణి, మెల్లగా. "గుంపును చెదరగొట్టనీకి మిలిటరీని వాడాలంటే మేజిస్ట్రేటు, అంటే మండలంల తహసీల్దారు, చెప్పాలె. ఊరికే చెప్తే సరిపోదు. అక్కడ ఉండి చెప్పాలె. తన కండ్లతోటి చూడాలె, ఇంక ఏ దారీ లేదని తేల్చుకోవాలె. ఎందుకంటే సైనికునికి నేర్పింది శత్రువుతోటి కొట్లాడుడు. వాని ముంగట ఉన్నది శత్రువు కాదు, ఆకలితోటి ఉన్న మనిషి అని చెప్పనీకి ఒక్కలన్న ఉండాలె గదా. గా ఒక్కలు మీరు. మీరు వాగుకు ఇవతల ఉన్నరు. మరి అరుణ్ పక్కన ఎవలున్నరు?"

అలేఖ్య తన సంతకం మీద వేలు పెట్టింది.

"మర్నాడు పొద్దున పెట్టిన," అంది. "ఆరున్నరకు. గేటు తీసినంక వంతెన దాటిన. అవతల డీఎస్పీ సార్ కాగితం పట్టుకొని నిలబడ్డరు. జీపు బానెట్ మీద పెట్టి సంతకం చేయించుకున్నరు. ‘మిలిటరీ వాళ్ళు ఇబ్బంది పడతరు, ఫార్మాలిటీ' అన్నరు. అప్పటికి అతను చనిపోయిన సంగతి నాకు తెలియదు మేడం. ఒట్టు. తొమ్మిదింటికి శవం దొరికిందని చెప్పినప్పుడు నాకు అర్థమైంది, నేను దేని మీద సంతకం పెట్టిన్నో."

"ఇరవై ఒక్క దినాలు ఎందుకు ఊకున్నరు?"

"భయం." ఒక్క మాటే. తర్వాత ఆమె తన ఫోను తీసి ముందుకు జరిపింది. "కానీ ఇవి తీసేయలేదు."

డీఎస్పీ పంపిన ఉత్తర్వు చిత్తుప్రతులు రెండు. జూలై పంతొమ్మిది సాయంత్రం ఐదూ ఐదుకు ఒకటి. ఆరు నలభైకి ఇంకొకటి. మమతారాణి ముందు రెండోది చదివింది. ‘అరుణ్‌కుమార్ అను వ్యక్తిని అదుపులో ఉంచనైనది.' ఆరు నలభైకి కూడా అదుపులోనే ఉన్నాడు. మరి ఐదుంబావుకు వాగులో దూకింది ఎవరు? నివేదిక మొత్తం ఆ ఒక్క సమయంతో కూలిపోయింది.

తర్వాత మొదటిది చదివింది. మళ్ళీ చదివింది.

‘అరుణ్‌కుమార్, ఉజ్వల్ అను ఇద్దరు వ్యక్తులను...'

"ఉజ్వల్ ఎవలు?"

"భూపాల్‌రావు గారి కొడుకు." అంది అలేఖ్య. "ఇరవై నాలుగేళ్ళు. కరీంనగర్‌లో లా చదువుతున్నడు. ఆ రోజు వాళ్ళ నాయన సంచుల పడవకు అడ్డం నిలబడినవాళ్ళలో అతనూ ఉన్నడు, అరుణ్ పక్కన. ఎవరి కొడుకో సైనికులకు తెలియదు. ఇద్దరినీ పట్టి గోదాములో పెట్టిన్రు."

"మరి రెండో కాగితంల పేరెందుకు లేదు?"

"నిన్న సాయంత్రం అతను ఇక్కడికి వచ్చిండు. మీరు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని చెప్పిండు. నేను రాసుకున్న, సంతకం తీసుకున్న." సొరుగులోంచి నాలుగు పేజీలు తీసింది. చేతిరాత. మమతారాణి చూపు మూడో పేజీ మీద ఆగింది.

‘సాయంత్రం ఆరు దాటింది. నీళ్ళు మా తొడల దాకా వచ్చినయి. తలుపు తెరుచుకుంది. డీఎస్పీ గారు, కానిస్టేబుల్ ఒకరు, మా నాయన ఉన్నరు. బయట కట్ట మీద నిలబడి నన్ను రమ్మన్నరు. అరుణన్న గూడ నా ఎనుక వచ్చిండు. ఆర్డర్ రానీ, వీని సంగతి పొద్దున చూద్దాం, ఇప్పుడు వదిలితే ఊరంత చెప్తడు అని డీఎస్పీ గారన్నరు. అరుణన్న తలుపు పట్టుకున్నడు. వాళ్ళు ఆయన వేళ్ళు ఒక్కొక్కటి తీసేసిన్రు. మళ్ళా తాళం వేసిన్రు. నీళ్ళు ఎక్కుతున్నయని నేను మొత్తుకున్న. మా నాయన నా నోరు మూసిండు.'

మమతారాణి నాలుగో పేజీ తిప్పి, కింద ఉజ్వల్ సంతకం చూసింది.

తెరవలేక చావడం వేరు. తాళంచెవి దొరకక చావడం వేరు. తలుపు ఒకసారి తెరుచుకుంది. ఇద్దరిలో ఒకరిని ఏరుకుని, ఇంకొకరిని లోపలికి నెట్టి మూశారు. ఎవరి కొడుకో చూసి మూశారు. మమతారాణి ఆ పేజీలు మడిచింది. పన్నెండేళ్ళ ఉద్యోగంలో తను వేసుకున్న ఖాకీ మొదటిసారి ఒంటి మీద మంటలా అనిపించింది.

"ఉజ్వల్ ఇప్పుడు ఎక్కడున్నడు?"

"నాగులగడ్డలోనే. పాత పంచాయతీ బంగ్లాలో. ఊరివాళ్ళని కూడగట్టి వాంగ్మూలాలు రాయిస్తున్నడు." అలేఖ్య తల దించుకుంది. "అతనికి రక్షణ కావాలని నేను నిన్న రాత్రి ఎస్పీ ఆఫీసుకు రాసిన. అది కిందికి వచ్చి డీఎస్పీ సార్ చేతిలో పడ్డది. పొద్దున ఇది వచ్చింది."

ఇంకో కాగితం. అదే నమూనా, అవే మాటలు. రెండో వరద హెచ్చరిక సందర్భంగా సహాయక దళాలకు ఆటంకం కలిగిస్తున్న గుంపును చెదరగొట్టి, ఉజ్వల్ అను వ్యక్తిని సైనిక దళం అదుపులోకి తీసుకోవలసిందిగా ఆదేశం. స్థలం నాగులగడ్డ. తేదీ ఈ రోజుదే. సమయం సాయంత్రం ఐదు గంటలు. కింద తహసీల్దారు సంతకానికి ఖాళీ.

మమతారాణి గోడ గడియారం చూసింది. మూడు నలభై.

"గుంపే ఇంక కూడలేదు," అంది. "ఆటంకం ఇంక కాలేదు. ఐదు గంటలే ఇంక కాలేదు."

"నేను సంతకం పెట్టనన్న మేడం."

"పెట్టకున్నా ఆగదు గదా?"

"ఆగదు. సంతకం తర్వాత పెట్టించుకోవచ్చని వాళ్ళకు నేర్పింది నేనే."

బల్ల మీద మమతారాణి ఫోను మోగింది. బాలమల్లు.

"మేడం, మూడు పాయింట్ ఏడు. మీదికెల్లి నీళ్ళు ఒక్కతీరుగ వస్తున్నయ్. అర్ధగంటల గేటు ఏస్త. డీఎస్పీ సార్ ఇప్పుడే ఫోన్ చేసి ఇంక ముందే ఏయమంటుండు. నాలుగు తాకకుంటే నేనెట్ల ఏస్త సార్ అన్న. తిట్టిండు."

ఆమెకు అంతా ఒక్కసారి కళ్ళకు కట్టింది. గేటు పడుతుంది. మేజిస్ట్రేటు ఇవతల, కాగితం అవతల. రాత్రే దిగిన దళానికి ఊరు తెలియదు, మనిషి తెలియదు. పోలీసులు వేలు చూపించిన మనిషిని వాళ్ళు పట్టుకుంటారు, తాళంచెవి అప్పగించి పడవ ఎక్కుతారు. ఈసారి తలుపు తెరిచి తీసుకుపోవడానికి ఏ తండ్రీ రాడు. ఆ తండ్రి పేరు కూడా ఆ నాలుగు పేజీల్లో ఉంది.

"అన్నా, నాలుగు తాకే దాక గేటు మీద చెయ్యి పెట్టకు. ఎవలు చెప్పినా సరే. ఫికర్ చేయకు, నీ రిజిస్టరుకు నేను సాక్షి." ఫోను పెట్టేసి, ఉజ్వల్ వాంగ్మూలాన్ని, రెండు కాగితాలను బ్యాగులో కుక్కింది. తలుపు తీసి వెనక్కి తిరిగింది.

"మేజిస్ట్రేటు అక్కడ ఉండాలని చట్టం చెప్పింది మేడం. ఆ దినం మీరు లేరు. ఇయ్యాల ఉంటరా?"

అలేఖ్య లేచింది. బల్ల మీది ఆఫీసు ముద్ర తీసి సంచిలో వేసుకుంది. చెప్పులు సరిగా తొడుక్కోకుండానే మెట్లు దిగింది.

వాళ్ళు వంతెన చేరేసరికి మూడు యాభై ఎనిమిది. గేటు తెరిచే ఉంది. బాలమల్లు దాని మీద చేయి వేయలేదు. గేటుకు అడ్డంగా ఒక జీపు నిలబడి ఉంది. జీపు ముందు వంశీధర్‌రావు నిలబడి ఉన్నాడు. అతని వెనక వంతెన పలకల మీదికి వాగు మొదటి అల ఎక్కింది.

"తిరిగిపో మమతా," అన్నాడు. "రోడ్డు బంద్."

మమతారాణి అతని వైపు చూడలేదు. పక్క సీటులోని అలేఖ్య వైపు చూసింది. ఆ పిల్ల కారు తలుపు తీసుకుని దిగింది. నేరుగా డీఎస్పీ ఎదురుగా పోయి నిలబడింది. సంచిలోంచి ఆఫీసు ముద్ర తీసి పట్టుకుంది.

"ఈ మండలానికి మేజిస్ట్రేటును నేను. జీపు తీయండి."